కిటికీకి పెట్టిన అట్ట

మూడింటికి ఫోన్లు తిరిగి ఇస్తారు. ఇప్పుడు రెండు దాటి ఐదు నిమిషాలయింది, ఈ గోడగడియారాన్ని నమ్మితే. నా ఫోను హాలు బయట బల్ల మీద ఒక గుడ్డసంచిలో ఉంది, దాని టోకెన్ నా ఎడమ అరచేతిలో ఉంది, అరవై ఒకటి, నీలం ప్లాస్టిక్ బిళ్ళ, అంచు ఎవరో కొరికినట్టు గరుకుగా ఉంది. జవాబు పత్రాలు దిద్దే హాల్లోకి ఫోను తేకూడదు. మూడింటికి టీ కోసం వదులుతారు. అప్పుడు బిళ్ళ ఇచ్చి ఫోను తీసుకుని, బ్యాంకు యాప్ తెరిచి, ఒకచోట వేలు ఆనిస్తే చాలు, మా ఆయన పోయాక లిఫ్టు కంపెనీవాళ్ళు ఇచ్చిన డబ్బు మొత్తం నేనెన్నడూ ఎదురుగా చూడని ఒక మనిషికి వెళ్ళిపోతుంది. నిన్ననే డిపాజిట్ రద్దు చేయించాను. కౌంటర్లో అమ్మాయి "ఏమైనా అవసరం పడిందా టీచర్?" అని అడిగింది. "ఇంటి పని" అన్నాను, ఆ అమ్మాయి ఇంకేమీ అడగకుండా ఉండాలని సంచిలో కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను, నా క్లాసులో పిల్లలు ఇలా తల వంచుకుంటే నాకు వెంటనే తెలిసిపోతుంది. ఇందాక భోజనం చేస్తున్నప్పుడు అతని మెసేజ్ వచ్చింది, నాలుగు లోపల ఈ డబ్బు కట్టకపోతే తన కాంట్రాక్టు డబ్బంతా అక్కడే చిక్కుకుపోతుందని, తనకి ఈ భూమ్మీద నేను తప్ప ఎవరూ లేరని. మూడింటికి పంపుతానని రాశాను. రాసి, చేతులు కడుక్కుని, ఫోను సంచిలో వేసి వచ్చి కూర్చున్నాను. చేతికి సబ్బువాసన ఇంకా పోలేదు.

ఈ కట్టలో నలభై పేపర్లు, ఇది పంతొమ్మిదోది. నాలుగో ప్రశ్న: మీ ప్రాంతంలో వచ్చిన ఒక మార్పును గురించి దూరంగా ఉన్న మిత్రునికి లేఖ రాయండి. ఐదు మార్కులు. తేదీకి అర, సంబోధనకి అర, ముగింపుకి అర, చిరునామాకి అర, మిగిలిన మూడూ విషయానికి. పరీక్షలో లేఖ రాసేటప్పుడు పిల్లలు సొంత పేరు రాయకూడదు, సొంత ఊరు రాయకూడదు, పేపరు ఎవరిదో తెలిసిపోతుందని. పేరు ఉండాల్సిన చోట ఏవో మూడక్షరాలు, ఊరు ఉండాల్సిన చోట మూడు గీతలు. ఏళ్ళ తరబడి నేను చదివింది ఇవే, ఎవరూ కానివాళ్ళు ఎవరికీ కానివాళ్ళకి రాసే ఉత్తరాలు. ప్రియమైన మిత్రమా, నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను, నిన్ను చూడాలని మనసు ఉవ్విళ్ళూరుతోంది. ఏ మనసూ ఉవ్విళ్ళూరదు, ఆ మాటకి అరమార్కు ఉంటుందని ఎవరో చెప్పి ఉంటారు. అయినా ఒక్కో పేపరు విప్పగానే, ఇది రాసిందెవరు అని చూడకుండా ఉండలేను. ఎడమచేతి వాటం అయితే సిరా చెరిగిన జాడ ఉంటుంది. పేజీ మూల చెమటతో ముడుచుకుపోయి ఉంటే అరచెయ్యి తడిసే పిల్ల. ఆ కుతూహలం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది, అదే నన్ను టీచర్ని చేసింది, అదే ఇప్పుడు ఈ టోకెన్ బిళ్ళ దాకా తెచ్చింది కూడా.

ఇదంతా ఫోనులో మొక్కల గురించి మాట్లాడుకునే ఒక గుంపులో మొదలైంది. ఎవరో ఆకులు పచ్చబడిన మొక్క ఫోటో పెడితే, నీళ్ళు ఎక్కువవుతున్నాయి, వారం రోజులు వదిలేయండి అని రాశాను. దాని కింద అతను, మీ మాటల్లో ఎంత ఓర్పు ఉందండీ అన్నాడు. సముద్రం మధ్యలో చమురు తవ్వేచోట ఇంజనీరునన్నాడు, భార్య పోయి ఎనిమిదేళ్ళన్నాడు. మూడో రోజుకి గుంపులో వద్దు, విడిగా మాట్లాడుకుందామన్నాడు. పదో రోజుకి నేను లేకపోతే తెల్లవారదన్నాడు. పది రోజులు! మా ఆయనకి నా పుట్టినరోజు గుర్తుండడానికే పదేళ్ళు పట్టింది. నవ్వుకున్నాను, తరవాత ఆ నవ్వు కోసమే మళ్ళీ ఫోను చూశాను. ఇంట్లో నా గొంతు నేనే విని అప్పటికి తొమ్మిది నెలలు. క్లాసులో మాట్లాడే గొంతు వేరు, అది లెక్కలోకి రాదు. చెల్లెలికి చెప్పాను కూడా, అప్పట్లో దాచలేదు. దానికి వేళాకోళం ఎక్కువ. ఫోను చేసినప్పుడల్లా, "అక్కా, మన సముద్రం బావగారు ఎలా ఉన్నారు? ఎప్పటికైనా ఒడ్డుకొస్తారా, అక్కడే ఉప్పు పట్టిపోతారా?" అనేది. ఒకరోజు మాత్రం వేళాకోళం లేకుండా అంది, "ఒక్కసారి వీడియోలో మొహం చూపించమను. పది లెక్కపెట్టేంతసేపు చాలు." అడిగాను. ఉప్పుగాలికి కెమెరా పాడైందన్నాడు. వేరేవాళ్ళ ఫోను అడగమన్నాను. నన్ను నమ్మలేదా అని రెండు రోజులు మౌనం. ఆ రెండు రోజులూ నేను తప్పు చేసినదాన్నయ్యాను, అడిగినందుకు. తిరిగొచ్చాక, మన సంగతి మన మధ్యే ఉండనివ్వండి, లోకం ఓర్వలేదు అన్నాడు. అప్పట్నుంచి చెల్లెలికి చెప్పడం మానేశాను. పేపరు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రాసే పిల్లల దగ్గరికే నేను ముందు వెళ్ళి నిలబడతాను. నా చెయ్యి అడ్డం ఉన్న సంగతి మాత్రం ఇప్పుడు, ఈ హాల్లో, బిళ్ళ పట్టుకున్న చెయ్యి చూసుకుంటుంటే తెలుస్తోంది.

పక్క కుర్చీలో అరమార్కు మేష్టారు. ఎవరికీ సున్నా వెయ్యలేరు, ఏదో ఒక వంకన అరమార్కు పడేస్తారు, అందుకని హాల్లో అందరూ అలాగే పిలుస్తారు, ఆయనా పలుకుతారు. నా వైపు వంగి, గొంతు తగ్గించి, "టీచరమ్మా, ఇది వినండి. 'మా ప్రాంతంలో వచ్చిన మార్పు గురించి దూరంగా ఉన్న నీకు రాయాలని ఉంది. మార్పు చాలా పెద్దది. దూరంగా ఉన్న నీవు ఆ మార్పును చూస్తే మా ప్రాంతంలో ఇంత మార్పు వచ్చిందా అంటావు.' రెండు పేజీలు లాగాడమ్మా ఇట్లాగే. మనమిచ్చిన ప్రశ్నే మనకి తిప్పి ఇచ్చాడు. మన ఉంగరం మన వేలికే తొడిగి, కానుకంటున్నాడు!" అన్నారు.

"ఎంత వేస్తారు?"

"ఓపిగ్గా చదివినందుకు నాకే వెయ్యాలి. పోనీ లెండి, చేతిరాత ముద్దుగా ఉంది, అర."

"మేష్టారూ, మాటలు టీ దగ్గర" అంది మా హాలు పెద్ద, చీఫ్ మేడం, తల ఎత్తకుండానే.

"అలాగే మేడం, అరమాటతో ఆపేస్తాను."

నవ్వాను. మన ఉంగరం మన వేలికే. నా ముందున్న పేపర్లో అక్షరాలు అలాగే ఉన్నాయి, నేనే ముందుకు పోలేకపోయాను. పాఠం చదవని పిల్లలు చేసే పని ఇది, మా వృత్తిలో అందరికీ తెలిసిందే, ప్రశ్నలో ఉన్న మాటలే విడదీసి, అటూ ఇటూ జరిపి, మధ్యలో ప్రేమో దేశభక్తో కాస్త కలిపి పేజీ నింపుతారు. తొందరలో ఉన్నవాళ్ళకి అది జవాబులాగే కనిపిస్తుంది. నేను మాత్రం మోసపోను, పంక్తి చదువుతూనే ఎర్రపెన్ను తీసుకుని, ప్రశ్నలోంచి వచ్చిన మాటలన్నీ కొట్టేసి, మిగిలింది చూస్తాను. అందుకే పిల్లలకి నేనంటే భయం. అయిదు నెలలుగా వస్తున్న ఉత్తరాల మీద ఆ ఎర్రపెన్ను ఒక్కసారైనా పెట్టానా? ఇప్పుడు ఫోను లేదు, జ్ఞాపకంలోనే పెట్టి చూస్తున్నాను. సాయంత్రం ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుందని రాశాను, మీ ఇంటి నిశ్శబ్దం ఇక్కడికి వినిపిస్తోంది అన్నాడు. కొట్టేశాను. రెండో కప్పు ఇంకా కడిగి బోర్లిస్తున్నానని రాశాను, ఆ రెండో కప్పులో నేను టీ తాగే రోజు వస్తుంది అన్నాడు. కొట్టేశాను. ఆదివారాలు గడవవని రాశాను, ఆదివారాలు నాకూ గడవవు అన్నాడు. కొట్టేశాను. పేజీలకి పేజీలు కొట్టేసుకుంటూ పోతున్నాను, ఎక్కడా ఏమీ మిగలడం లేదు.

ఒక్కటి కొట్టేయడానికి చెయ్యి రాలేదు. మా ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు, ఊళ్ళో సగం మేడలు ఆయన చేతి మీదుగా పైకీ కిందకీ తిరిగేవి, కానీ మేముండే నాలుగో అంతస్తుకి మాత్రం మెట్ల మీదే వచ్చేవాడు. చుట్టాలెవరైనా అడిగితే "నాకు దాని లోపలి సంగతి తెలుసు" అనేవాడు, మొహంలో నవ్వు లేకుండా. మొదటి నెలలోనే ఈ సంగతి ఇంజనీరుకి రాశాను. రెండు వారాలు పోయాక ఒక సాయంత్రం అతను రాశాడు, నేను కూడా లిఫ్టు ఎక్కనండీ, మెట్లే ఎక్కుతాను, దాని లోపలి సంగతి నాకు తెలుసు. ఫోను బల్ల మీద పెట్టేసి, లేచి వెళ్ళి, వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. నేను చెప్పానన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. గుర్తు లేకపోవడం కాదు, గుర్తు తెచ్చుకోలేదు. ప్రశ్నపత్రం నేనే పంపాను, జవాబులు నేనే పంపాను, వందకి వంద వచ్చాయని నేనే మురిసిపోయాను. ఎర్రపెన్ను తీసుకుని మనసులోనే అడ్డంగా గీశాను. గీత వంకరగా పోయింది.

మా ఆయన అడిగినదానికి ఎన్నడూ తిన్నగా చెప్పేవాడు కాదు. ఇవాళ ఆలస్యమా అంటే, మూడో వీధిలో కొత్త మేడకి రంగు వేస్తున్నారు, దరిద్రంగా ఉంది అనేవాడు. నాకు ఆపరేషన్ అయినప్పుడు, థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు, భయమేస్తోందని చెయ్యి పట్టుకుంటే, "విన్నావా? వీళ్ళ లిఫ్టు తలుపు కింద రుద్దుకుంటోంది, నూనె చుక్క పడాలి" అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే భయం పోయింది. నేను లోపల ఉన్న మూడు గంటల్లో ఆయన ఆ తలుపు బాగుచేశాడని తరవాత నర్సు చెప్పింది. ప్రియమైన అని ఆయన ఒక్కసారి రాసింది లేదు. లేఖారచనకి కూర్చోబెడితే సంబోధన, ముగింపు, అన్ని అరమార్కులూ పోయేవి. నేను దెప్పేదాన్ని కూడా, మీ మెసేజులు కరెంటాఫీసువాళ్ళ నోటీసుల్లా ఉంటాయని. కానీ ఆ మాటలు ఏ ప్రశ్నలోంచీ వచ్చినవి కావు, వాటిలో ఒక్కటి కూడా నేను ముందే చెప్పగలిగింది కాదు.

ఇరవయ్యో పేపరు. చేతిరాత కోడిగీతలే. చిరునామా లేదు, తేదీ లేదు, మొదటే ఒక మార్కు పోయింది. "ఒరేయ్, రోడ్డు వెడల్పు చేశారు. మీ ఇల్లు కొట్టేశారు, నువ్వు పొడుగు కొలుచుకున్న గోడ కూడా. నీ సైకిలు చెయిను మా ఇంట్లోనే ఉంది, దాంతో మా అమ్మ గేటు కట్టేస్తోంది. తుప్పు చేతికంటుతోందని నన్ను తిడుతోంది. నువ్వు వస్తే ఇస్తాను, కానీ అప్పుడు మాకు గేటుకి ఏదో ఒకటి కావాలి." అంతే, ముగింపు కూడా లేదు. సైకిలు చెయిను గురించి ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. అందుకే ఆ మిత్రుడు ఉన్నాడు, పేరు లేకపోయినా ఉన్నాడు, ఆ గేటూ ఉంది, తుప్పూ ఉంది. విషయానికి మూడుకి మూడూ వేశాను. పెన్ను పేపరు మీదే ఆగిపోయింది. అయిదు నెలల్లో ఇంజనీరు దగ్గర్నుంచి ఇలాంటిది ఒక్కటి, ఎవరూ అడగనిది, ఎందుకూ పనికిరానిది ఒక్కటైనా వచ్చిందా? పక్కమంచం మీద ఎవరు గురక పెడతారో, బకెట్టు ఏ రంగుదో, చెప్పు తెగితే ఏం చేశాడో? ఫోటోలు గుర్తు చేసుకున్నాను, గట్టి టోపీ, వెనక నీళ్ళు, పాతికేళ్ళు యంత్రాలతో బతికిన మనిషి గోళ్ళు అంత తెల్లగా ఎలా ఉంటాయి? మా ఆయన గోళ్ళలో నలుపు పెళ్ళిఫోటోలో కూడా ఉంది. ఆ ఫోటోలో మనిషి ఎవరో పాపం, తన మొహం ఇలా తిరుగుతోందని అతనికి తెలుసో లేదో.

ఉంది. ఒక్కటుంది. రెండో నెలలో, ఒక మధ్యాహ్నం, బడిలో తీరిక పీరియడ్‌లో ఉన్నప్పుడు వచ్చింది. "ఇక్కడ కిటికీకి అద్దం లేదు. అట్ట పెట్టాం, వానకి నాని పడిపోయింది. నా భుజం ఒకవైపంతా తడుస్తోంది." అంతే. పావుగంట తరవాత ఇంకొకటి, అలసటలో ఏదో రాశాను ప్రియా, సముద్రపు గాలి హాయిగా ఉంది, మీరే గుర్తొస్తున్నారు. అప్పుడు నాకు జాలేసింది, అంత పెద్ద కంపెనీ కిటికీకి అద్దం వేయించలేదా అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు. ఇప్పుడు ఎర్రపెన్ను దాని దగ్గర ఆగింది. ఇది నా ప్రశ్నలోంచి వచ్చింది కాదు. ఇందులో సముద్రం లేదు, ఇంజనీరు లేడు, నేనూ లేను. ఒక గది ఉంది, కిటికీ పక్కన ఒక కుర్చీ, ఆ కుర్చీ మారడానికి వీల్లేని మనిషి ఎవరో. అట్ట పెట్టింది ఒక్కరు కాదు, వరసగా ఇంకా కుర్చీలుండాలి, మా హాల్లోలాగే, ఒక్కొక్కరి ముందూ ఒక కట్ట ఉత్తరాలు, ఎవరూ కానివాళ్ళు రాయాల్సినవి. వాళ్ళకీ ఒక చీఫ్ ఉంటాడా, మాటలు టీ దగ్గర అంటాడా? రాసేది ఆడో మగో, నాకంటే చిన్నో పెద్దో, ఇష్టంతో కూర్చున్నారో ఎవరైనా కూర్చోబెట్టారో. నాకు కోపం రావాలి. వస్తుంది, అది ఆలస్యంగా వచ్చే రకం, నాకు తెలుసు. ఇప్పుడు మాత్రం ఒకటే తెలుసుకోవాలని ఉంది.

మూడు. కుర్చీలన్నీ ఒకేసారి చప్పుడు చేశాయి. బిళ్ళ ఇచ్చాను, సంచి ఇచ్చారు. బిళ్ళ అంచు అరచేతిలో అచ్చు వేసిపోయింది. వరండా చివర, చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి ఫోను తెరిచాను. మూడు మెసేజులున్నాయి, మూడూ తొందరపెడుతున్నవే. బ్యాంకు యాప్ తెరవలేదు. రాశాను: "ఆ కిటికీకి అట్ట మళ్ళీ పెట్టుకున్నారా?"

అవతల రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి, చాలాసేపు, పెద్ద ఉత్తరమే వస్తుందనుకున్నాను. ఆగిపోయాయి. పంపు కింద ఎవరో కప్పు కడిగి వెళ్ళారు. అప్పుడు వచ్చింది.

"లేదు."

దాన్నే చూస్తూ నిలబడ్డాను. అయిదు నెలల్లో నేనడిగినదానికి వచ్చిన మొదటి జవాబు. మార్కు వెయ్యాలంటే పూర్తిగా వెయ్యాలి. వెంటనే కింద ఇంకొకటి పడింది, "పంపారా?"

"లేదు. పంపను" అని రాశాను. ఇంకేదైనా రాయాలనిపించింది, ఆ భుజం గురించి. రాయలేదు. ప్రియా నా ప్రాణం మీదికొచ్చింది అంటూ ఏదో పొడుగ్గా రావడం మొదలైంది, నేను చదవలేదు, మొదటి మాట చూస్తేనే ఎవరి కట్టలోదో తెలిసిపోయింది. పోలీసులకి చూపించడానికి ఉంటాయని ఉత్తరాలు ఉంచి, ఆ నంబరు బ్లాక్ చేశాను. వేలు ఆనించాల్సింది ఒక్కచోటే. అప్పుడు కుళాయి గట్టు మీద కూర్చుని చెల్లెలికి ఫోను చేశాను.

"అక్కా? ఈ టైములో ఏంటి? పేపర్లు దిద్దడం లేదా?"

"నీ దగ్గర ఒక సంగతి దాచానే."

"సముద్రమా?"

"ఊఁ."

"ఎంత పోయింది? చెప్పు, తిట్టను. తరవాత తిడతాను."

"ఏమీ పోలేదు. డిపాజిట్ తీసేశాను, పంపలేదు. సాయంత్రం నాతో బ్యాంకుకి రా, మళ్ళీ వేసేద్దాం. పోలీసుల దగ్గరికి కూడా."

"వస్తాను. ఇప్పుడే బయల్దేరతాను. అక్కా, ఏడుస్తున్నావా?"

"లేదు." నిజంగానే ఏడవడం లేదు. "మీ బావ ఆఖరిసారి నాకు ఏం రాశాడో నీకెప్పుడైనా చెప్పానా?"

"లేదు. నువ్వు ఎవరికి చెప్పావు గనక."

"పాలు తేకు, రెండున్నాయి. అంతే రాశాడు. నేను అప్పటికే కొనేశాను." ఆ తరవాతి గంటలోనే ఎవరిదో మేడలో, తొమ్మిదో అంతస్తు లిఫ్టు పైకప్పు మీద, చేతిలో పానా ఉండగానే పడిపోయాడు. ఆ వారమంతా ఎవరూ ముట్టుకోక మూడు పాకెట్లూ విరిగిపోయాయి. అది చెల్లెలికి చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది.

అది నవ్వింది, ముక్కు ఎగబీల్చుకుంటూనే. "అచ్చం బావే" అంది. "ఇంకెవరూ అలా రాయరు."

బల్ల దగ్గర మళ్ళీ వరస కట్టారు. ఫోను సంచిలో వేశాను, ఈసారి బిళ్ళ ఇరవై ఎనిమిది. అరమార్కు మేష్టారు నా కోసం తెచ్చిన టీ చల్లారిపోయి, మూత పెట్టి ఉంది. "ఏమ్మా, ఇంటి నుంచా?" అన్నారు. అవునన్నాను. హాల్లో వెనకవైపు కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నారు, మబ్బు పట్టిందని. మా కిటికీలకి అద్దాలు సరిగ్గానే ఉన్నాయి. అక్కడ, అదెక్కడో, అక్కడ కూడా మబ్బు పట్టిందో లేదో. ఇరవై ఒకటో పేపరు విప్పి, నాలుగో ప్రశ్న ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.